తల దించుకున్నంతకాలం బుద్ధిమంతురాలినే

నాకు ఆటిజం ఉందని, అంటే నా మెదడు పుట్టుకతోనే వేరే తీరున పనిచేస్తుందని, ముప్పై నాలుగో ఏట తెలిసింది. అన్నేళ్లు ఎందుకు తెలియలేదని అడిగేవాళ్లకు నా జవాబు ఒకటే: నేను తెనాలి దగ్గర ఒక ఊళ్లో ఆడపిల్లగా పుట్టాను. మా వైపు ఆడపిల్ల ఎదుటివాళ్ల కళ్లలోకి చూడకపోతే ఎవరూ కంగారుపడరు, మెచ్చుకుంటారు. అడిగితే తప్ప నోరు విప్పకపోతే పెంపకం మంచిదంటారు. చుట్టాలొచ్చినప్పుడు వెనకగదిలో పుస్తకం పట్టుకుని కూర్చుంటే చదువుల తల్లి అంటారు. ఇవే గుణాలు ఏ మగపిల్లాడిలోనో ఉంటే, వీడు నలుగురిలో కలవట్లేదేమిటని ఎవరో ఒకరు అడిగేవారు. నన్ను మాత్రం మిగతా పిల్లలకు చూపించి, దాన్ని చూసి నేర్చుకోండర్రా అనేవారు.

పెళ్లిచూపులప్పుడు కూడా ఇంతే. అబ్బాయి వైపు ఒక్కసారైనా తలెత్తలేదని మా అత్తయ్య ఎంతో ముచ్చటపడ్డారట. ఈ మాట ఇప్పటికీ చెబుతుంటారు. అది సిగ్గు కాదు. కొత్త మనిషి మొహం చూస్తూ ఆ మనిషి చెప్పేది వినడం నాకు చేతకాదు. చూస్తే వినలేను, వినాలంటే చూడకూడదు. ఆ రోజు గోడ మీద క్యాలెండర్‌లో తిథులు చదువుకుంటూ వాళ్లడిగిన ప్రశ్నలన్నిటికీ తడబడకుండా జవాబులు చెప్పాను. సంబంధం ఖాయమైంది.

పెళ్లయి హైదరాబాద్ వచ్చాక అవే గుణాలకు పేర్లు మారాయి. ఆడపడుచు ఫోన్ చేస్తే అడిగినదానికి చెప్పి పెట్టేస్తాను కాబట్టి పొగరు. ఇంటికొచ్చినవాళ్లకు మంచినీళ్లిచ్చి వంటింట్లోకి వెళ్లిపోతాను కాబట్టి ముభావం. పెళ్లిళ్లలో మైకు, బ్యాండుమేళం మొదలుకాగానే మెట్ల కింద చోటు వెతుక్కుంటాను కాబట్టి కలుపుగోలుతనం లేదు. ఎవరైనా “ఎప్పుడైనా మా ఇంటికి రండి” అంటే “ఎప్పుడు రమ్మంటారు?” అని అడిగాను ఒకసారి. ఆవిడ మొహం చూసి మా ఆయన మాట మార్చేశారు. కూతురిగా ఉన్నప్పుడు పనికొచ్చిన మౌనం కోడలికి పనికిరాదని నాకు ఎవరూ చెప్పలేదు. మిగతావాళ్లకు ఎవరు చెబుతారో నాకు తెలీదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు సాయంత్రాలతో వచ్చేది. రోజంతా ఆఫీసు, ఆపైన మెట్రోలో అమీర్‌పేటలో లైను మారేటప్పుడు ఆ తొక్కిసలాట, అనౌన్స్‌మెంట్లు, ఒంటికి తగిలే చేతులు, సంచులు. ఇంటికి వచ్చేసరికి కొన్ని రోజులు నోట్లోంచి మాట వచ్చేది కాదు. ఏం చెప్పాలో తెలుసు, చెప్పాలనే ఉంటుంది, గొంతు కదలదు. లైటు ఆపేసి బాత్రూమ్‌లో నేల మీద కూర్చునేదాన్ని. దాన్ని షట్‌డౌన్ అంటారని ఇప్పుడు తెలుసు. అప్పుడు ఇంట్లో అలక అనుకున్నారు. పెళ్లాం మాట్లాడకపోతే మన ఇళ్లలో మరో అర్థం లేదు కదా! పాపం మా ఆయన అలక తీర్చడానికని మల్లెపూలు తెచ్చేవారు. మూసి ఉన్న గదిలో ఆ వాసన తలలోకి ఎక్కితే వాంతి అయ్యేది. అది చూసి, ఇంత కోపమా అని ఆయన ఇంకా బాధపడేవారు. ఇప్పుడు తల్చుకుని ఇద్దరం నవ్వుకుంటాం కానీ, ఆ రెండు మూడేళ్లు నవ్వులాటగా లేవు.

ఉద్యోగం మాత్రం నాకు సరిగ్గా సరిపోయింది. ఒక చిన్న ఆడిటర్ ఆఫీసులో జీఎస్టీ రిటర్నులు నా పని. నెల నెలా పదకొండో తారీఖుకు అమ్మకాల వివరాల జీఎస్టీఆర్-1, ఇరవైకి పన్ను కట్టే 3బి. ఇన్‌వాయిస్‌లు, పోర్టల్‌లో కనిపించే క్రెడిట్, రెండిటికీ తేడా. ఎక్కడో ఒక అంకె తారుమారైతే నాకు పేజీ తిప్పుతుండగానే కనబడుతుంది. ఎంతసేపు కూర్చున్నా విసుగు రాదు. సీనియర్‌ని చేసి, క్లయింట్ల ఫోన్లు కూడా నువ్వే చూడమ్మా అన్నప్పటి నుంచి కష్టాలు మొదలయ్యాయి. ఫోన్లో మొహం కనబడదు కాబట్టి నాకు సుఖంగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఫోన్లో ఎవరు ఎప్పుడు ఆగుతారో, నేను ఎప్పుడు అందుకోవాలో అసలు తెలియదు. ఇద్దరం ఒకేసారి మొదలుపెడతాం, ఇద్దరం ఆగిపోతాం.

ఆటిజం అన్న మాట మా ఇంట్లోకి వచ్చింది మా చెల్లెలి కొడుకు వల్ల. వాడికి నాలుగేళ్లు వచ్చినా మాటలు రాలేదు. మరిది గల్ఫ్‌లో ఉంటాడు. అందుకని పిల్లాణ్ణి సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లేటప్పుడు చెల్లికి తోడు నేను వెళ్లాను. మన దేశంలో ఆటిజాన్ని అంచనా వేయడానికి ఐఎస్ఏఏ (ఇండియన్ స్కేల్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ ఆటిజం) అని ఒక కొలమానం ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో, పాతవాళ్లు ఇప్పటికీ ఎన్ఐఎంహెచ్ అని పిలిచే మానసిక వికలాంగుల జాతీయ సంస్థలో తయారైంది. నలభై అంశాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు, మొత్తం 70, అంతకన్నా ఎక్కువ వస్తే ఆటిజం ఉన్నట్టు లెక్క. కళ్లలోకి చూస్తాడా, ఒంటరిగా ఉంటాడా, మార్పుని తట్టుకోగలడా, శబ్దాలకు చెవులు మూసుకుంటాడా, అసాధారణమైన జ్ఞాపకశక్తి ఏదైనా ఉందా అని ఒక్కొక్కటే అడుగుతున్నారు.

చెల్లి జవాబులు చెబుతూ చెబుతూ, ఒకచోట నా వైపు తిరిగి, “ఇది చిన్నప్పుడు నువ్వు కూడా చేసేదానివి కదక్కా” అంది. మిక్సీ తిప్పితే నేను డాబా మీదికి పరిగెత్తడం గురించి. కాసేపయ్యాక ఇంకోటి. తర్వాత ఇంకోటి. పిల్లాడి సంగతులు చెప్పమంటే అక్క సంగతులు చెబుతోందేమిటని ఆ సైకాలజిస్టు విసుక్కోలేదు, ఏమీ అనలేదు కూడా. కాగితం మీద పక్కన చిన్నగా ఏదో రాసుకున్నారు. ఆటిజం కుటుంబాల్లో వంశపారంపర్యంగా కనబడుతుందని, అందుకే ఆ వివరాలు కూడా తీసుకుంటారని తర్వాత చదివి తెలుసుకున్నాను.

ఆ తర్వాత కొన్ని నెలలు నేను చేసిన పని చదవడం. ఏదైనా విషయం పట్టుకుంటే చివరిదాకా వెళ్లాలి నాకు, అదీ ఒక లక్షణమేనట. 1943లో అమెరికాలో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు ఆటిజం గురించి రాసిన మొదటి వ్యాసంలో 11 మంది పిల్లలున్నారు, వాళ్లలో ఆడపిల్లలు ముగ్గురే. మరుసటి ఏడు వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ అనే పిల్లల డాక్టర్ వివరంగా రాసినవి నలుగురు పిల్లల కథలు, నలుగురూ మగపిల్లలే. మగపిల్లల్ని చూసి రాసుకున్న లక్షణాలతోనే చాలా దశాబ్దాలపాటు అందర్నీ కొలిచారు. ఆడపిల్లలు ఆ కొలతకు అందలేదంటే ఆశ్చర్యమేముంది?

పెద్దవాళ్ల కోసం 2001లో కేంబ్రిడ్జ్‌లో సైకాలజిస్టు సైమన్ బారన్-కోహెన్ బృందం తయారుచేసిన 50 ప్రశ్నల పట్టిక ఒకటుంది. నెట్‌లో అందరూ ముందు చేసేది అదే. 32, అంతకన్నా ఎక్కువ వస్తే పరీక్ష చేయించుకోవాల్సిన సంగతే అంటారు. నాకు బాగా ఎక్కువే వచ్చింది. కానీ కొన్ని ప్రశ్నల దగ్గర నవ్వొచ్చింది. పార్టీకి వెళ్లడం ఇష్టమా, లైబ్రరీకి వెళ్లడం ఇష్టమా అని ఉంటుంది ఒకచోట. పెదనాన్న మనవరాలి ఓణీల ఫంక్షన్ ఉన్న రోజు లైబ్రరీకి వెళ్తానని అనగలిగే ఆడమనిషి మా ఇళ్లలో ఎక్కడుంది? ఇష్టం ఏమిటని ఎవరూ అడగని చోట, ఇష్టం ఏదో చెప్పమనే ప్రశ్నకు జవాబు రాయడానికి చాలాసేపు పట్టింది.

మొదట ఒక సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లాను. పేరున్న డాక్టరే. నేను రాసుకెళ్లిన కాగితాలు పైపైన చూసి, “డిగ్రీ ఉంది, ఉద్యోగం చేస్తున్నారు, పెళ్లయింది, నాతో చక్కగా మాట్లాడుతున్నారు. ఆటిజం అంటే ఇలా ఉండదమ్మా. నెట్ చూడ్డం మానేయండి” అన్నారు. టెన్షన్ తగ్గడానికి మాత్రలు రాశారు. ఆయనతో చక్కగా మాట్లాడటానికి ముందురోజు రాత్రి ఏ ప్రశ్నకు ఏం చెప్పాలో రాసుకుని బట్టీపట్టానన్న సంగతి ఆయన అడగలేదు. అడక్కుండా నేను చెప్పను. అదే కదా నా సమస్య! బయట ఆటోలో కూర్చున్నాక, బాగా నటించినందుకు ఫెయిలైన పరీక్ష ఇదొక్కటేనేమో అనిపించింది.

దీన్ని మాస్కింగ్ అంటారు. ఎదుటివాళ్లను చూసి నేర్చుకుని, వాళ్లలాగే ఉన్నట్టు కనబడటం. నాదొక పట్టిక ఉంది తలలో. తలుపు తీయగానే నవ్వాలి. “రండి రండి” రెండుసార్లు అనాలి. ఆరోగ్యం, తర్వాత పిల్లల చదువులు, తర్వాత వానలు లేదా ఎండలు. ఎదుటి మనిషి తన కష్టం చెబితే “అయ్యో” అనాలి, పరిష్కారం చెప్పకూడదు. కళ్లలోకి చూడలేను కాబట్టి రెండు కనుబొమల మధ్య చూడాలి. బొట్టు పెట్టుకున్న ఆడవాళ్లతో అది సులువు. ఇంత చేస్తే ఒక గంట నడుస్తుంది. ఆ గంటకి మర్నాడంతా పడుకోవాలి.

రెండోసారి క్లినికల్ సైకాలజిస్టుని వెతుక్కున్నాను. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో, అంటే ఆర్‌సీఐలో రిజిస్టర్ అయి ఉండాలని, పెద్దవాళ్లను చూసిన అనుభవం ఉండాలని ముందే అనుకున్నాను. ఆ రెండోది దొరకడమే కష్టం. మన దగ్గర ఆటిజం బోర్డు పెట్టిన సెంటర్లు దాదాపు అన్నీ పిల్లలకే. రిసెప్షన్‌లో “బాబు వయసెంత?” అని అడుగుతారు. “నాకే” అంటే ఒక నిమిషం ఆగుతారు. గోడ నిండా బొమ్మలు, చిన్న చిన్న కుర్చీలు. ఆ కుర్చీల్లో కూర్చునే నా వంతు కోసం ఎదురుచూశాను.

ఈ మేడం మొదట్లోనే ఒక మాట చెప్పారు: ఇప్పుడు ఎలా ఉన్నారన్నది సగమే, చిన్నప్పటి నుంచి ఇలాగే ఉన్నారని తెలియాలి, అందుకు మిమ్మల్ని పెంచినవాళ్లతో మాట్లాడాలి. అమ్మను రమ్మనాలి. అమ్మకు ఏమని చెప్పాలో తెలియక, ఆఫీసులో ఏదో హెల్త్ చెకప్ అని మా ఆయన చెప్పి తీసుకొచ్చారు. ఆయన అబద్ధాలు చెప్పేటప్పుడు నేను గదిలోంచి వెళ్లిపోతాను.

అమ్మ ఇంటర్వ్యూ అంత తేలిగ్గా ముగియలేదు. కళ్లలోకి చూసేదా అంటే, “ఆడపిల్ల కదండీ, తల దించుకునే ఉండేది” అంది. తోటిపిల్లలతో ఆడేదా అంటే, “వీధిలో తిరిగే రకం కాదండీ” అంది. అన్నీ మెచ్చుకోళ్లే. మేడం ప్రశ్నలు మార్చారు. అన్నం ఎలా తినేది? ఇక్కడ అమ్మకు ఊపొచ్చింది. అన్నానికి కూర తగలకూడదని, పెరుగన్నం వేరే గిన్నెలోనే తినేదని, ఆ గిన్నె ఒకసారి సొట్టపోతే రెండు రోజులు అన్నం ముట్టలేదని చెప్పింది. లంగా కుట్టులు గుచ్చుకుంటాయని తిరగేసి తొడుక్కునేదని, బడికి వేరే దారిన తీసుకెళితే మళ్లీ వెనక్కి వచ్చి పాతదారిన వెళ్లేదాకా ఏడ్చేదని చెప్పింది. పాత ట్రంకుపెట్టెలోంచి ప్రోగ్రెస్ కార్డులు తెచ్చింది. ప్రతి ఏడూ టీచరమ్మల రాత వేరు, మాట ఒకటే: చదువులో ఫస్టు, ఎవరితోనూ మాట్లాడదు.

చివర్లో మేడం, ఇవన్నీ మీకు వింతగా అనిపించలేదా అని అడిగారట. “వింతేముందండీ, మా ఇంట్లో అందరూ అంతేగా. వాళ్ల నాన్న ముప్పై ఏళ్లుగా రోజూ వాన ఎంత పడిందో పుస్తకంలో రాస్తారు. పడకపోతే సున్నా అని రాస్తారు” అంది అమ్మ. అది నిజమే. పెరట్లో వానను కొలిచే గొట్టం ఉంది. ఊరెళితే పక్కింటివాళ్లకు అప్పజెప్పి వెళతారు. నాకు పన్నెండేళ్లు వచ్చేదాకా అన్ని ఇళ్లలోనూ నాన్నలు అలా రాస్తారనే అనుకున్నాను.

తర్వాత నాతో సెషన్లు. తెలివితేటల పరీక్ష, ఆందోళన, డిప్రెషన్ ప్రశ్నలు, ఏకాగ్రత కుదరని ఏడీహెచ్‌డీ కాదని తేల్చుకోవడానికి మరికొన్ని. ఏడోస్ అనే పరీక్షలో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడించారు. మాటల్లేని బొమ్మల పుస్తకం చూసి కథ చెప్పమన్నారు. కొన్ని వస్తువులు ఇచ్చి వాటితో కథ అల్లమన్నారు. నేను వస్తువుల్ని సైజువారీగా పేర్చి, కథ మొదలుపెట్టడానికి ఇందులో ముందు ఎవరు పుట్టారో చెప్పమన్నాను. ఆవిడ రాసుకున్నారు. స్నేహితురాలికీ, కలిసి పనిచేసే మనిషికీ తేడా ఏమిటని అడిగినప్పుడు మాత్రం నాకు చాలాసేపు జవాబు తోచలేదు. ఒకరు జీతం లేకుండా కూడా మనతో మాట్లాడతారు అన్నాను. ఆవిడ నవ్వారు. నేను హాస్యానికి అనలేదు.

రిపోర్టు చాలా పేజీలు వచ్చింది. ఆటిజం స్పెక్ట్రం డిజార్డర్, లెవల్ 1. దానితోపాటు ఆందోళన. 2013కి ముందైతే, ఆ వియన్నా డాక్టర్ పేరు మీద, ఆస్పెర్గర్ సిండ్రోమ్ అని రాసేవారట. ఆ ఏడాది వచ్చిన డీఎస్ఎం-5లో, అంటే అమెరికా మానసిక వైద్యుల సంఘం వేసే గైడులో, ఆ పేరు తీసేసి అన్నిటినీ ఒకే గొడుగు కిందికి తెచ్చి, ఎంత ఆసరా కావాలన్నదాన్ని బట్టి మూడు లెవల్స్ పెట్టారు. లెవల్ 1 అంటే కొద్దిపాటి ఆసరా సరిపోతుందని. ఇది తగ్గే జబ్బు కాదు, మందు లేదు, నేను పుట్టిన తీరే ఇది. రిపోర్టు చేతికి రాగానే నేను చేసిన మొదటి పని అందులో నా పుట్టినతేదీ తప్పు పడిందని చూపించి సరిచేయించడం.

ఇలాంటప్పుడు మనసు తేలికపడుతుందని చాలామంది రాశారు. నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. బుద్ధిమంతురాలని మెచ్చుకున్న ప్రతిసారీ ఒక డాక్టర్ని తప్పించారు కదా అని. ఇప్పటికీ ఎవరైనా తమ పిల్లను, అసలు గొడవే చెయ్యదండీ, ఎక్కడ కూర్చోబెడితే అక్కడే అని చెబితే, నాకు ఆ పిల్లను ఒకసారి చూడాలనిపిస్తుంది.

ఇంట్లో చెప్పడం ఇంకో ఘట్టం. మా ఆయన రిపోర్టంతా చదివి, షట్‌డౌన్ అన్న పేజీ దగ్గర ఆగి, “మల్లెపూలు!” అన్నారు. అంతే. అత్తయ్యకు ఆటిజం అంటే మా చెల్లెలి కొడుకే. “వాడికి మాటలు రావు, నువ్వు లెక్కలు రాస్తావు, రెండూ ఒకటెలా అవుతాయి?” అన్నారు. న్యాయమైన ప్రశ్నే. మేడం చెప్పినట్టే చెప్పాను: మా ఇద్దరికీ చెవుల్లో పడే శబ్దం ఒకటే, వాడు అరుస్తాడు, నేను పళ్లబిగువున ఓర్చుకుంటాను. ఆవిడకు పూర్తిగా ఒప్పుదల అయిందని అనుకోను. కానీ ఆ తర్వాత వచ్చిన పెళ్లిలో నేను మండపం వదిలి బయటికి వెళుతుంటే, ఎవరో అడిగినదానికి “దానికి మైగ్రేన్, వెలుతురు పడదు” అన్నారు. అప్పటి నుంచి చుట్టాలందరిలో నాకు మైగ్రేన్. నాకు లేదు. లేని జబ్బుకి అందరూ చిట్కాలు చెబుతుంటారు, శొంఠి పట్టు వేయమని ఒకరు, ధనియాల కషాయమని ఇంకొకరు. అబద్ధం నాకు గొంతులో ముల్లులా ఉంటుంది. అయినా ఆవిడ నా కోసం కష్టపడి కల్పించిన సాకు కదా, కాదని ఆవిడ పరువు తీయలేను. మౌనంగా చిట్కాలు వింటాను.

పేరంటాలు అసలైన పరీక్ష. ఎవరో ఒకావిడ కిందకూర్చుని చల్లటి తడి పసుపు నా కాళ్లకు రాస్తుంది, మెడకు గంధం పూస్తుంది, జుట్టులో పూలు దోపుతుంది. ముట్టుకుంటే, అందులోనూ చెప్పకుండా మెల్లగా ముట్టుకుంటే, నాకు ఒళ్లంతా చీమలు పాకినట్టుంటుంది. గట్టిగా పట్టుకుంటే అంత ఉండదు. కాళ్లు వెనక్కి తీసుకుంటే అమంగళం. ఇప్పుడు ఒక ఉపాయం దొరికింది. నా వంతు రాకముందే పసుపు గిన్నె తీసుకుని, “మీరు పెద్దవాళ్లు, నా కాళ్లు పట్టుకోవడమేమిటండీ” అని నేనే రాసేసుకుంటాను. వినయం అనుకుంటారు. ఈ ఊళ్లో వినయం పేరుతో ఏదైనా జరుగుతుంది.

మన ఇళ్లలో నాలాంటివాళ్లకు పడనివే ఉన్నాయని అనను. వరసలు నాకు ప్రాణం. మేనత్త పిల్లలూ మేనమామ పిల్లలూ బావలు, మరదళ్లు, వదినలు. పెదనాన్న, పిన్ని పిల్లలు అన్నలు, అక్కలు, చెల్లెళ్లు. వదిన చెల్లెలు ఏమవుతుంది, తోడికోడలి అన్న ఏమవుతాడు, అన్నిటికీ సూత్రం ఉంది. చిన్నప్పుడు పెళ్లిళ్లలో జనంలో కలవలేక ఒక మూల కూర్చుని వచ్చినవాళ్లందరికీ వరసలు కట్టుకునేదాన్ని. అలా మా రెండు వైపులా ఐదు తరాలు నోటికొచ్చాయి. ఇప్పుడు శుభలేఖ వేసేముందు మా బాబాయి నాకే ఫోన్ చేస్తారు. ఎదుటి మనిషి మనసులో ఏముందో తెలియదు కానీ, నాకు ఏమవుతారో వెంటనే చెప్పగలను. అలాగే “భోంచేశారా?” అనే పలకరింపు. ప్రశ్న ఖాయం, జవాబు ఖాయం. ఆఫీసులో “ఏంటి విశేషాలు?” అని అడుగుతారు చూడండి, దానికి ఏం చెప్పాలో నాకు ఈనాటికీ తెలియదు.

వడ్డన దగ్గర మాత్రం మన మర్యాద నాకు అంతుపట్టదు. వద్దు అంటే వద్దనే అర్థంలో అంటాను. ఎదుటివాళ్లు మొహమాటం అనుకుని ఇంకో గరిటె వేస్తారు. నా ఇంట్లో అతిథి వద్దంటే నేను గరిటె వెనక్కి తీస్తాను, వాళ్లు అర్ధాకలితో లేస్తారు. మా ఆయన ఇప్పుడు వడ్డన తన చేతుల్లోకి తీసుకున్నారు, అత్తయ్య గొణుగుతున్నా సరే. డామియన్ మిల్టన్ అని ఇంగ్లండ్‌లో ఒక పరిశోధకుడు ఉన్నారు, ఆయనదీ ఆటిజమే. ఒకరినొకరు అర్థం చేసుకోలేకపోవడం రెండు వైపుల నుంచీ జరుగుతుందని, తప్పంతా ఆటిజం ఉన్నవాళ్ల ఖాతాలో వేయకూడదని 2012లో రాశారు. గరిటె దగ్గర నాకు ఆయన గుర్తొస్తారు.

ఆఫీసులో మా సార్‌కి ఒక్కరికే చెప్పాను. ఆయన పెద్దగా ఏమీ మాట్లాడలేదు, “ఏం కావాలో రాసి పంపమ్మా” అన్నారు. అంతకన్నా మంచిమాట ఉండదు నాకు. పనులు నోటితో చెప్పకుండా వాట్సాప్‌లో పెట్టమన్నాను. ఫోన్లు ఇంకొకరికి అప్పగించమన్నాను, బదులుగా ఎవరూ ముట్టని నోటీసుల జవాబులు నేను రాస్తానన్నాను. ప్రింటర్ పక్కనున్న నా టేబుల్ కిటికీ వైపు మారింది. చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుంటాను. ప్లగ్స్ ఉంటే పొగరు అని ఒకరిద్దరు అనుకుంటున్నారని తెలుసు. దానికి నా దగ్గర పట్టికలో జవాబు లేదు, వెతకడం మానేశాను.

పరీక్ష చేయించుకోవాలనుకునే పెద్దవాళ్లు నన్ను అడిగితే చెప్పేవి కొన్నే. నెట్‌లో వచ్చిన మార్కులు చూపించడం కన్నా మీ జీవితంలోంచి సంఘటనలు రాసుకెళ్లండి. పాత ప్రోగ్రెస్ కార్డులు, వీడియోలు ఏమున్నా పట్టుకెళ్లండి. అమ్మానాన్నలు లేకపోతే మేనత్తో అక్కో, చిన్నప్పుడు చూసినవాళ్లు ఎవరైనా సరే. అన్నిటికన్నా ముఖ్యం, చక్కగా మాట్లాడాలని ముందురోజు బట్టీపట్టకండి. పడితే, పట్టానని చెప్పండి.

ఇక మిగిలింది ప్రభుత్వ సర్టిఫికెట్. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. దరఖాస్తు పెట్టుకుని మెడికల్ బోర్డు ముందు మళ్లీ కూర్చోవాలి, వైకల్యం 40 శాతం, ఆపైన అని వస్తేనే చాలా ప్రయోజనాలు అందుతాయి. నేను ప్రభుత్వోద్యోగానికి వెళ్లేదాన్ని కాదు, రిజర్వేషన్ అక్కర్లేదు. ఆదాయపు పన్నులో వైకల్యం ఉన్నవాళ్లకు సెక్షన్ 80యు కింద నేను లెక్కలు కట్టినన్నాళ్లూ 75,000 రూపాయల మినహాయింపు ఉండేది, ఆటిజానికైతే ఫారం 10-ఐఏ కూడా కావాల్సి ఉండేది. కానీ కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు అది వర్తించదు. మా ఆయన సర్టిఫికెట్ తీసుకో అంటున్నారు, చెల్లి తీసుకో అంటోంది. కొత్త డాక్టర్ల ముందు కూర్చుని మళ్లీ చిన్నప్పటి పెరుగన్నం గిన్నె దగ్గర నుంచి మొదలుపెట్టాలంటేనే నాకు నీరసం. పాత విధానంలో ఉంటే ఎంత, కొత్తదానికి మారితే ఎంత అని షీట్ వేసి పెట్టాను. ఇంటి లోను వడ్డీ ఈ ఏడాది ఎంత తేలుతుందో బ్యాంకు నుంచి కాగితం రావాలి. అది వచ్చాక చూస్తాను.